కార్మికబంధువు వరాహగిరి వేంకటగిరి

అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనమునకు రైలులో వచ్చు యాత్రికులు ఆమదాలవలసలో దిగుదురు. శ్రీకాకుళము రోడ్డు అను పేరుగల ఆ స్టేషను హౌరా నుండి వాల్తేరునకు సాగు మార్గములో ఉన్నది. ఒకప్పుడు ఆ మార్గము బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీది. బరంపురము, పలాస, ఆమదాలవలస, విజయనగరము ఆ దారిలోని ఊళ్లే. విజయనగరము కడ చీలి బొబ్బిలి, పార్వతీపురముల మీదుగా రాయపూరునకు పోవు దారియు ఆ కంపెనీదే. వరాహగిరి వేంకటగిరిగారి జీవితమున ముఖ్యఘట్టములు పెక్కు ఈ ఇనుపదారుల వెంటనే జరిగినవి. ఆయన పుట్టినది బరంపురము. ఆయన నడపిన మొదటి పెద్ద సమ్మె ఈ రైల్వే కార్మికులది. ఒక రాజును ఎన్నికలలో ఓడించినది బొబ్బిలిలో. తాను ఓడిపోయినది పార్వతీపురములో.

భారతదేశపు నాల్గవ రాష్ట్రపతిగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని పదవుల పట్టికను వరుసగా చదివినంత మాత్రమున ఆ జీవితము బోధపడదు. కార్మికులనే నమ్ముకొని రాజకీయములలోనికి వచ్చిన ఒక మనిషికి ఆ కార్మిక రాజకీయములే ఎట్లు మారిపోయి ఎదురైనవో ఈ ప్రాంతపు ఎన్నికల చరిత్ర చెప్పినంత స్పష్టముగా రాష్ట్రపతి భవనపు చరిత్ర చెప్పజాలదు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన జన్మించిరి. ఆనాడు బరంపురము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరినది. శ్రీకాకుళమును, దానిని ఆనుకొనియున్న అరసవల్లియు ఆ జిల్లాలోనివే. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుగాంచిన ప్లీడరు, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మగారును జాతీయోద్యమమున పాల్గొని చెరసాలకు పోయిన ధీరురాలు. ఆ ఇంట రాజకీయము భోజనముతోబాటు వడ్డింపబడెడిది. బరంపురమున ఖల్లికోట కళాశాలలో చదివిన పిమ్మట 1913లో ఆయన న్యాయశాస్త్ర పఠనమునకై ఐర్లండు చేరిరి. న్యాయవాది కాగోరు తెలుగుబిడ్డలు ఆ రోజులలో సాధారణముగా లండను పోయెడివారు. ఈయన డబ్లిను ఎంచుకొనుట ఆయన జీవితమునకు ఒక మలుపైనది.

ఏలయన, ఆ 1913వ సంవత్సరమున డబ్లిను నగరము కార్మిక పోరాటములతో అట్టుడికిపోవుచుండెను. జేమ్స్ లార్కిన్ అను నాయకుడు రేవులలో మూటలు మోయువారిని, బండ్లు తోలువారిని, ట్రాములు నడపువారిని ఒక్క సంఘముగా కూర్చెను. ఆ సంఘమున చేరినవారికి పని లేదని విలియమ్ మార్టిన్ మర్ఫీ మున్నగు యజమానులు పట్టుపట్టిరి. ఆగస్టు 26న ట్రాముల సమ్మె మొదలైనది. ఆ నెలాఖరున నడివీధిలో పోలీసులు జనమును లాఠీలతో చావగొట్టిరి. మూడువందలకు పైబడిన యజమానులు తమ తలుపులు మూసివేయగా ఇంచుమించు ఇరువదివేలమంది వీధిపాలైరి. చలికాలమంతయు పస్తులుండి, ఇంగ్లండులోని కార్మిక సంఘములు పంపిన తిండిగింజలతో కొన్నాళ్లు నెట్టుకొని, ఆ సంఘములు సానుభూతి సమ్మెకు నిరాకరింపగా 1914 మొదట గత్యంతరములేక తిరిగి పనులలో చేరిరి.

ఆ జనవరిలోనే నగరపాలక సంఘమునకు ఎన్నికలు జరిగినవి. లార్కిన్ పక్షమున నిలిచిన కార్మిక అభ్యర్థులలో అధికులు ఓడిపోయిరి. నాలుగు నెలలు నగరమునే స్తంభింపజేసిన సంఘబలము ఓట్లపెట్టె దగ్గర కరిగిపోయినది. ఆకలికి ఓర్చి సంఘమును వీడనివారిలో ఎందరికో ఓటుహక్కే లేదు. ఉన్నవారందరును సంఘము చెప్పినవారికే ఓటు వేయలేదు. సంఘమునకు చందా ఇచ్చు చేయి, ఓటు వేయు చేయి ఒకే మనిషివైనను వేరువేరు లెక్కలలో నడచునను చేదునిజము, ఇరువది యేండ్లు నిండని గిరిగారు చదువుకొనుచుండిన నగరమున ఆ విధముగ బయటపడెను. అదే నిజము నలువది మూడేండ్లకు పార్వతీపురమున ఆయనకు స్వయముగా ఎదురైనది.

డబ్లినులో ఆయన చదువు పుస్తకములకు పరిమితము కాలేదు. యూనివర్సిటీ కాలేజిలో ఆంగ్లము బోధించిన థామస్ మక్‌డొనా కవి, విప్లవకారుడు. దక్షిణాఫ్రికాలోని భారతీయుల ఇక్కట్లను గూర్చి గిరిగారును, తోటి విద్యార్థులును పేరులేకుండ ఒక కరపత్రము అచ్చువేయగా పోలీసుల కన్ను వారిపై పడినది. 1914లో లండనులో గాంధీగారిని దర్శించిరి. 1916 ఏప్రిలులో ఈస్టరు పండుగనాటి ఐరిష్ తిరుగుబాటు చెలరేగి అణగిపోయెను. మే 3న మక్‌డొనాను, మే 12న కార్మిక నాయకుడు జేమ్స్ కానొలీని కాల్చి చంపిరి. గాయపడి నిలువలేని కానొలీని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చుట లోకమును కలచివేసినది. తిరుగుబాటుదారులతో సంబంధమున్నదను అనుమానముపై గిరిగారికి దేశము విడువవలసినదిగా తాఖీదు వచ్చెను. బారిస్టరు పట్టము పుచ్చుకొని 1916లో స్వదేశము చేరిరి.

మద్రాసు హైకోర్టున పేరు నమోదైనది. బరంపురమున వృత్తి సాగినది. అనిబిసెంటు హోంరూలు ఉద్యమమున పనిచేసిరి. 1920లో గాంధీగారి పిలుపు విని ప్రాక్టీసు వదలుకొనిరి. 1922లో కల్లు సారా దుకాణముల యెదుట పికెటింగు చేసి జైలు చవిచూచిరి. ఇంతవరకు ఆయన కథ ఆనాటి అనేక ప్లీడర్ల కథవంటిదే. కాని వారిలో అధికులు ఖద్దరు, అస్పృశ్యతా నివారణము, గ్రంథాలయములు మున్నగు పనులలోనికి పోగా, ఈయన రైల్వే పట్టాల వెంట నడచిరి.

నేడు రైల్వే ఉద్యోగమన్న కోరదగిన ఉద్యోగము. ఆనాడు గ్యాంగుమనిషికి, కార్ఖానా కూలికి అది దినదినగండము. పై అధికారి కనుసన్నలపై ఉద్యోగము ఉండును, ఊడును. తెల్లవానికొక జీతము, ఆంగ్లో ఇండియనుకొక జీతము, దేశీయునికొక జీతము. బెంగాలు నాగపూరు రైల్వేకు ఖరగపూరులో పెద్ద కార్ఖానా ఉండెను. అచ్చట పనిచేయువారిలో ఉత్తర సర్కారుల తెలుగువారు వేలకొలది. సంఘము పెట్టవలెనన్న వారి భాష తెలిసి, చట్టము తెలిసి, దొరల యెదుట బెదరని ఒక మనిషి కావలసియుండెను. బరంపురపు బారిస్టరు అందుకు తగినవారైరి. 1923లో ఏర్పడిన అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యకు ఆయన వ్యవస్థాపకులలో ఒకరు; పదేండ్లకు పైగా ప్రధాన కార్యదర్శి. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో కార్మిక ప్రతినిధిగా జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లిరి. 1928లో, ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకముగా బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులు సాగించిన శాంతియుతమైన సమ్మెను నడపిరి. కంపెనీయు, ప్రభుత్వమును దిగివచ్చుటచే ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను.

ఆ మరుసటి యేడే మొదటి చీలిక. 1929లో నాగపూరున జవహర్‌లాల్ నెహ్రూగారి అధ్యక్షతను ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు సమావేశమైనది. కార్మికుల స్థితిగతులను విచారించుటకు బ్రిటిషువారు వేసిన విట్లీ కమీషనును బహిష్కరింపవలెనని వామపక్షము, దాని ముందు కార్మికుని గోడు వినిపింపవలెనని ఎన్.ఎం. జోషీ, గిరిగారు మున్నగువారు వాదించిరి. వామపక్షము నెగ్గుటతో జోషీ ప్రభృతులు వెలికి వచ్చి వేరొక సమాఖ్య నెలకొల్పిరి. గిరిగారు సమ్మెకు వెనుదీయువారు కారు. కాని సమ్మెను బేరమునకు సాధనముగా చూచిరే గాని విప్లవమునకు తొలిమెట్టుగా చూడలేదు. ఈ భేదము జీవితాంతము ఆయనను వెంటాడినది. విప్లవవాదులకు ఆయన మెత్తనివాడు; యజమానులకు గట్టివాడు. 1931లో రెండవ రౌండు టేబిలు సమావేశమున కార్మికుల ప్రతినిధిగా కూర్చున్న ఆయనే, చీలిన సంఘములను తిరిగి కలుపుటకును పాటుపడిరి. 1940 నాటికి ఆ అతుకు పూర్తియైనది. అయితే అతుకు అతుకే.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడుటతో బరంపురము అటు పోయినది. శ్రీకాకుళ ప్రాంతము మద్రాసు రాష్ట్రముననే నిలిచి విశాఖపట్టణము జిల్లాలో కలిసినది. పుట్టిన ఊరు పరరాష్ట్రమైన ఆ తరుణముననే గిరిగారు తమ జీవితములోని గొప్ప ఎన్నికల పోరాటమునకు దిగిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలి స్థానమునకు ప్రత్యర్థి సాక్షాత్తు బొబ్బిలి రాజాగారు, శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు బహద్దరు. జస్టిసు పార్టీ నాయకుడు. 1932 నుండి, నడుమ కొద్దికాలము తప్ప, మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి. తన సంస్థానములో, తన కోట నీడలో, తన రైతుల నడుమ పోటీ. బొబ్బిలి యుద్ధగాథ వినని తెలుగువాడు లేడు గదా! అట్టి వంశపు ప్రభువును అతని గడ్డమీదనే ఓడింతుమని వచ్చినవాడు ఆస్తిపాస్తులు లేని ప్లీడరు, రైలు కూలీల నాయకుడు.

ఆనాడు అందరికిని ఓటు లేదు. పన్ను కట్టువారికి, కొద్దిపాటి చదువు గలవారికి మాత్రమే ఉండెను. ఆ ఓటర్లలో జమీందారీ రైతులు పెక్కురు. శిస్తుల భారము, దివాణపు ఠాణాలు, బంజరులపై అడవులపై ఆంక్షలు వారికి నిత్యానుభవము. దివాణమునకు వెరచి పగలు రాజుగారి సభలకు పోయిన రైతు, రహస్యముగా వేయు ఓటును కాంగ్రెసువారి పసుపుపచ్చ పెట్టెలో వేసెను. గిరిగారు గెలిచిరి. రాష్ట్రమంతటను జస్టిసు పార్టీ కుప్పకూలినది. శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసువి. ఆ విజయములలో బొబ్బిలి గెలుపునకు ప్రత్యేక గౌరవము దక్కినది. ఒక విషయము మాత్రము గమనింపదగినది: బొబ్బిలిలో గిరిగారిని గెలిపించినది రైలు కార్మికులు కారు, జమీందారీ రైతులు. వారికి ఆయన కార్మిక సంఘములతో పని లేదు. దివాణమునకు ఎదురునిలువగల మనిషితోనే పని.

రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు గిరిగారికి వచ్చినవి. కోయంబత్తూరు నూలుమిల్లుల తగాదాలు మున్నగువాని నడుమ రెండేండ్లు గడచినవి. 1939లో మంత్రివర్గము రాజీనామా చేసెను, పిమ్మట కారాగారము. 1942లో రెండవమారు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షులైరి. అదే యేడు క్విట్ ఇండియా ఉద్యమమున మరల జైలు. అధ్యక్షుడు జైలులో ఉండగా, ఆ సంస్థలో బలపడుచుండిన కమ్యూనిస్టులు ఆ యుద్ధమును ప్రజాయుద్ధమని సమర్థించుచుండిరి. గిరిగారు 1945లో వెలికి వచ్చునప్పటికి ఆ సంస్థ ఆయన ఎరిగిన సంస్థ కాదు. 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున కార్మికమంత్రి. 1947 నుండి 1951 వరకు సింహళమున భారత హైకమీషనరు. ఆయన కొలంబోలో ఉండగా దేశమున కార్మిక సంఘములు ముక్కచెక్కలైనవి. 1947లో కాంగ్రెసువారి జాతీయ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు, 1948లో సోషలిస్టుల హింద్ మజ్దూర్ సభ వెలసినవి, పాతది కమ్యూనిస్టులదైనది. ఒక్కొక్క పార్టీకి ఒక్కొక్క సంఘము. గిరిగారికి సంఘమన్న కూలి గిట్టుబాటునకు, పనివాని గౌరవమునకు. క్రొత్త కాలమున అది పార్టీకి ఓట్లు సమకూర్చు అంగమైనది.

1952 ఎన్నికలలో ఆంధ్రప్రాంతమున కాంగ్రెసు గట్టి దెబ్బ తిన్నది. శ్రీకాకుళము లోకసభ స్థానమున స్వతంత్ర అభ్యర్థిగా బొడ్డేపల్లి రాజగోపాలరావుగారు నెగ్గిరి. అట్టి ఎదురుగాలిలో గిరిగారు ప్రక్కనున్న పాతపట్నము నుండి గెలిచి నెహ్రూగారి కేంద్రమంత్రివర్గమున కార్మికమంత్రియైరి. ఆ యేడు నైనితాలున జరిగిన కార్మిక సమావేశమున వివరించిన ఆయన ఆలోచనా సరణికి గిరి విధానము అను పేరు స్థిరపడినది. దాని సారాంశము సరళము. తగవు వచ్చినచో యజమాని, కార్మికుడు ముఖాముఖి కూర్చుండి తేల్చుకొనవలెను. ప్రతి తగవును ప్రభుత్వము ట్రిబ్యునలుకు పంపి బలవంతపు తీర్పు చెప్పించుచు పోయినచో కార్మికుడు సంఘమును వదలి కోర్టుపక్షిగా మారును, సంఘము బలహీనపడును. ముప్పది యేండ్ల అనుభవమున పండిన మాట ఇది. చిత్రమేమన, యజమానులు వలదనిరి. కాంగ్రెసు కార్మిక సంఘమే వలదన్నది. తన శాఖాధికారులును సుముఖులు కారు. తమ బలముపై తమకే నమ్మకము చాలని సంఘములకు ప్రభుత్వపు ఊతకర్ర కావలసివచ్చినది.

బ్యాంకు ఉద్యోగుల జీతముల తగవు ఆ కాలముననే ముదిరినది. 1953లో శాస్త్రిగారి ట్రిబ్యునలు, 1954లో అప్పీలు ట్రిబ్యునలు తీర్పులు చెప్పినవి. అప్పీలు తీర్పు ఉద్యోగులకు కొంత లాభము చేకూర్చెను. దానిని ప్రభుత్వము యథాతథముగా అమలు జరుపక, మార్చి తగ్గించినది. కార్మికమంత్రిగా ఉండి ఆ మార్పునకు తలయూపుట గిరిగారికి సమ్మతము కాలేదు. 1954 ఆగస్టులో రాజీనామా చేసిరి. మంత్రిపదవిని సూత్రమునకై తృణప్రాయముగా వదలినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆయన స్థానమున వచ్చినది కాంగ్రెసు కార్మిక సంఘపు నాయకుడు ఖండూభాయి దేశాయి. బ్యాంకు తీర్పును పునర్విచారించుటకు న్యాయమూర్తి గజేంద్రగడ్కరు గారి కమీషను ఏర్పడి, 1955లో దాని సిఫారసులతో చట్టము వచ్చినది. ఈ న్యాయమూర్తి పేరు గుర్తుంచుకొనదగినది.

1957 నాటికి నియోజకవర్గముల హద్దులు మారినవి. గిరిగారు పార్వతీపురమున నిలిచిరి. అది ద్విసభ్య స్థానము. ఒకటి సాధారణము, రెండవది షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది. ఓటరునకు రెండు ఓట్లు; రెండును ఒకే అభ్యర్థికి వేయరాదు. జాతాపులు, సవరలు, కొండదొరలు నివసించు కొండలొకవైపు, వరిపొలముల పల్లపు గ్రామములొకవైపు గల విశాల ప్రదేశమది. కార్మికులకై మంత్రిపదవి వదలిన మనిషి. బొబ్బిలి రాజును గెలిచిన వీరుడు. ఆయన గెలుపు ఖాయమని అందరును తలచినచో ఆశ్చర్యము లేదు.

లెక్కింపు ముగిసినది. అందరికంటె ఎక్కువ ఓట్లు బిడ్డిక సత్యనారాయణగారికి వచ్చినవి. ఆయన గిరిజనుడు; ప్రత్యేక స్థానము ఆయనకు దక్కినది. రెండవ స్థానమున దిప్పల సూరిదొరగారు, ఆయనయు గిరిజనుడే. మూడవ స్థానమున గిరిగారు. సూరిదొరగారికిని గిరిగారికిని ఒక్కొక్కరికి లక్ష ఇరువది నాలుగు వేలకు పైగా ఓట్లు. ఇద్దరి నడుమ వ్యత్యాసము 565. ప్రత్యేక స్థానము నిండినందున సాధారణ స్థానము మిగిలినవారిలో అధిక ఓట్లు వచ్చిన సూరిదొరగారిదని అధికారులు ప్రకటించిరి.

గిరిగారు ఊరకుండలేదు. ఆయన చేసిన వాదము రెండు పాయలుగా సాగినది. ప్రత్యేక స్థానమునకై నామినేషను వేసిన అభ్యర్థిని సాధారణ స్థానమునకు ఎన్నికైనట్లు ప్రకటింపరాదనునది మొదటిది. సూరిదొరగారి కుటుంబము ఆచారవ్యవహారములలో క్షత్రియత్వము వహించినదనియు, కావున ఆయన గిరిజనుడే కాడనియు రెండవది. జంధ్యములు, పెండ్లి సంబంధములు, పురోహితులు, పాత దస్తావేజులలోని కులనామములు న్యాయస్థానమున చర్చకు వచ్చినవి. వ్యాజ్యము మెట్టుమెట్టుగా సర్వోన్నత న్యాయస్థానము చేరినది. 1959 మేలో అధికసంఖ్యాక న్యాయమూర్తుల పక్షమున తీర్పు వ్రాసినది గజేంద్రగడ్కరు గారే! ప్రత్యేక స్థానమునకు అర్హత కలిగియుండుట సాధారణ స్థానమునకు అనర్హత కాదనియు, ఒక వ్యక్తి తన నడవడిచే, తన చాటింపుచే మాత్రమే పుట్టిన తెగను విడిచి వేరొక కులమునకు ఎక్కజాలడనియు తేలినది. గిరిగారి అప్పీలు వీగిపోయినది. ఈ చిక్కులకు మూలమైన ద్విసభ్య నియోజకవర్గములను పార్లమెంటు 1961లో రద్దు చేసినది.

చట్టము మాట అట్లుండనిండు. అణగారినవారికై జీవితము ధారపోసిన నాయకుడు, అందరికంటె అణగారిన వర్గమునుండి వచ్చిన ఒకడు తనను దాటి గెలువగా, అతడు ఆ వర్గమువాడే కాడని వాదింపవలసి వచ్చుట విధివైపరీత్యము. సాధారణ స్థానమన్న పైవారి స్థానమనియు, గిరిజనునకు ప్రత్యేక స్థానము చాలుననియు ఆనాటి పార్టీలన్నియు లోలోపల తలచినవే. గిరిగారి వాదము ఆ తలపునకే చట్టరూపము నిచ్చినది. ఓటరు మాత్రము ఆ గీత గీసుకొనలేదు.

మరి ఇరువది యేండ్లలో మారినదేమి? 1937లో ఎదుట ఒక రాజు ఉండెను. 1948 నాటి చట్టముతో జమీందారీలు పోవుట మొదలై, ఆ శత్రువు తెరమరుగైనాడు. పన్నుల మీద, అడవి గార్డుల మీద, భూముల మీద పేదవానికి గల ఫిర్యాదులన్నియు ఇప్పుడు కాంగ్రెసు ప్రభుత్వముపైకి మళ్లినవి. గిరిగారు కాంగ్రెసు అభ్యర్థి. బొబ్బిలిలో కోటను ముట్టడించినవారే పార్వతీపురమున కోటలోనివారైరి. రైల్వే కార్మికుడు, మిల్లు కార్మికుడు సంఘముల నీడలో కొంత తెరిపిన పడగా, కొండమీది పోడు రైతు, పల్లములోని పాలేరు ఏ సంఘములోను లేకపోయిరి. కార్మికులనగా కార్ఖానాలోనివారే యని తలచిన తరమునకు వీరి ఓటు ఎటు పోవునో అందలేదు.

ఆ లోటు పూరింపబూనినవారు వేరు. పార్వతీపురపు కొండలలో వెంపటాపు సత్యనారాయణ అను ఉపాధ్యాయుడు, ఆదిభట్ల కైలాసము మున్నగువారు గిరిజన సంఘము కట్టి, పాలేర్ల కూలి పెంపునకు, తాకట్టు భూముల విడుదలకు, అటవీ ఫలసాయముల ధరలకు పోరాడిరి. 1967 ఫిబ్రవరి ఎన్నికలలో రెండుగా చీలిన కమ్యూనిస్టులు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో చెరి పన్నెండు స్థానములైనను పొందలేకపోయిరి. ఆ యేడు అక్టోబరు 31న లేవిడి వద్ద భూస్వాముల మనుషుల తుపాకి గుండ్లకు కోరన్న, మంగన్న అను ఇద్దరు గిరిజనులు బలియైరి. ఎన్నికల బాటపై ఆశ విడిచిన విద్యార్థులు, చదువుకొన్న యువకులు పలువురు శ్రీకాకుళపు కొండలెక్కిరి. బొడ్డపాడు యువకుడు పంచాది కృష్ణమూర్తి 1969 మే 27న పోలీసుల చేతిలో మరణించునాటికి, డబ్లినులో కార్మికుల ఓటమి నాడు విద్యార్థిగా ఉండిన గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి పదవి స్వీకరించి మూడువారములు దాటినది. ఓటమినుండి ఒక విద్యార్థి నిదానమైన సంఘ నిర్మాణమునకు పోయెను. మరొక తరపు విద్యార్థులు తుపాకి పట్టిరి. రెంటి నడుమను ఉన్నది ఒక్క పార్వతీపురము.

పార్వతీపురపు ఓటమి గిరిగారి రాజకీయములకు స్వస్తి చెప్పలేదు. 1957 జూనులో ఉత్తరప్రదేశ్ గవర్నరైరి. పై తీర్పు ఆ పదవిలో ఉండగా విన్నదే. తరువాత కేరళ, మైసూరు. 1957లోనే కార్మిక ఆర్థికశాస్త్ర పరిషత్తును స్థాపించిరి. భారత పరిశ్రమలలోని కార్మిక సమస్యలపై గ్రంథము రచించిరి. 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ గారు మరణింపగా తాత్కాలిక రాష్ట్రపతి. జూలై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడు పదవి వదలి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిరి. బ్యాంకు ఉద్యోగుల కొరకు పదునైదేండ్ల క్రితము మంత్రిపదవి వదలిన చేయి అది. కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారును తెలుగువారే. ఇందిరాగాంధీ వర్గముతో బాటు కమ్యూనిస్టులును గిరిగారికి మద్దతు నిచ్చిరి. 1929లో నాగపూరున విడిపోయిన దారులు నలువది యేండ్లకు ఢిల్లీలో క్షణకాలము కలిసినవి. మొదటి లెక్కింపున ఎవరికిని చాలినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలుపగా 4,20,077 ఓట్లతో గిరిగారు, 4,05,427 ఓట్లతో సంజీవరెడ్డిగారు నిలిచిరి. ఈసారి స్వల్పవ్యత్యాసము ఆయన పక్షమున పలికినది.

రాష్ట్రపతిగా ఆయన మంత్రివర్గపు సలహాలకు ఎదురాడలేదను విమర్శ కలదు. అది నిరాధారము కాదు. ఆయన పదవీకాలపు చివరి నెలలలో, 1974 మే 8న, దేశమంతట రైల్వే సమ్మె మొదలైనది. సమ్మెకు ముందు నిలిచినది జార్జి ఫెర్నాండెజు అధ్యక్షుడుగా ఉన్న అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య. యాబది యేండ్ల క్రితము గిరిగారు చేయివేసి నిలిపిన సంస్థయే అది. వేలకొలది కార్మికులను అరెస్టు చేసిరి. కుటుంబములను క్వార్టర్లనుండి వెడలగొట్టిరి. ఇరువది రోజులలో సమ్మె విరిగినది. పెక్కుమంది ఉద్యోగములు పోయినవి. ఖరగపూరు కార్మికుల పక్షమున కంపెనీని దింపినవారి పేరనే ఇప్పుడు ప్రభుత్వము నడచుచుండెను. రాజ్యాంగము ఆయన చేతులు కట్టివేసినదనుట నిజమే. ముప్పది యేండ్లు పైబడి కార్మికునకు చెప్పిన సూత్రము, యజమాని కార్మికుడు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనవలెననునది, యజమాని ప్రభుత్వమే అయినప్పుడు చెల్లలేదనుటయు నిజమే.

ఆగస్టు 24న పదవీకాలము ముగిసినది. 1975లో భారతరత్న వచ్చినది. 1976లో స్వీయచరిత్ర వెలువడినది. 1977లో ప్రభుత్వము మారి, రైల్వే మంత్రి మధు దండావతే సమ్మెలో ఉద్యోగములు కోల్పోయినవారిని తిరిగి పనులలోనికి తీసుకొనిరి. ఆ తరువాత మూడేండ్లకు, 1980 జూన్ 24న, గిరిగారు మద్రాసులో కన్నుమూసిరి.